పొమోనా కార్ల షో: చేసినట్టు కనపడని పనితనం చూడాలంటే

లాస్ ఏంజిలిస్ వెళ్తున్నానంటే అందరూ హాలీవుడ్, డిస్నీలాండ్ టికెట్ల గురించే అడిగారు. నేను మాత్రం గ్రాండ్ నేషనల్ రోడ్‌స్టర్ షో (రోడ్‌స్టర్ అంటే పైకప్పు లేని రెండు సీట్ల కారు) తేదీలు చూసుకుని, దాన్నిబట్టే ఫ్లైట్ టికెట్ తీసుకున్నాను. 1950లో ఓక్‌లండ్‌లో మొదలైన ఈ షో 2004 నుంచి లాస్ ఏంజిలిస్ దగ్గరి పొమోనాలో, ఫెయిర్‌ప్లెక్స్ మైదానంలో జరుగుతోంది. జనవరి చివర్లోనో, ఫిబ్రవరి మొదట్లోనో ఒక శుక్ర, శని, ఆదివారాలు. పాత ఫోర్డ్, మెర్క్యురీ కార్లను కోసి, అతికించి, నేలకు దించి కొత్త రూపం ఇచ్చే పనిని దగ్గరగా చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు ఉంటుందనుకోను.

కస్టమ్ కారు అనగానే మనకు అల్లాయ్ వీల్స్, స్పాయిలర్, చెవులు చిల్లులు పడే సైలెన్సర్ గుర్తొస్తాయి. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూసినవాళ్లకైతే బర్గర్ కారు, హైహీల్ చెప్పు కారు. అదో సరదా, పిల్లల్ని తీసుకెళ్తే మంచి కాలక్షేపం. కాలిఫోర్నియా పాత పద్ధతి మాత్రం పూర్తిగా వేరు. అక్కడ బాగా చేసిన కారును చూస్తే ఎవరో చెయ్యి పెట్టారని తెలియకూడదు. కంపెనీ నుంచే అలా దిగినట్టుండాలి.

ముందు బస సంగతి. షో రోజుల్లో పొమోనాలో గదులు త్వరగా అయిపోతాయి, ఉన్నవాటి రేట్లు పెరుగుతాయి. ఫ్రీవే పక్కనే ఒక మోటల్ తీసుకున్నాను. ఫొటోల్లో గదికీ నాకిచ్చిన గదికీ పోలికే లేదు. హీటర్ పనిచేయలేదు, రాత్రంతా ట్రక్కుల మోత. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు, డబ్బు వాపసు ఊసే ఎత్తలేదు. మర్నాడే దగ్గర్లోని ఆంటారియో అనే ఊళ్లో ఎయిర్‌పోర్ట్ వైపు ఒక మామూలు హోటల్‌కు మారిపోయాను. కారులో అరగంటలోపే ఫెయిర్‌ప్లెక్స్, పొద్దున్నే టిఫిన్, నిశ్శబ్దం. ఈ షోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది అదే: పొమోనాలో వద్దు, ఆంటారియోలో దిగండి.

కారు లేకపోయినా ఇబ్బంది లేదు. మెట్రో ఎ లైన్ 2025 సెప్టెంబరు నుంచి పొమోనా దాకా నడుస్తోంది. లా వెర్న్/ఫెయిర్‌ప్లెక్స్ అని స్టేషనే ఉంది. టికెట్ 1.75 డాలర్లు. డౌన్‌టౌన్ నుంచి గంటకు పైనే పడుతుంది కానీ, షో దగ్గర పార్కింగ్‌కు విడిగా కట్టే డబ్బూ, లోపలికి వెళ్లే క్యూ టెన్షనూ రెండూ తప్పుతాయి.

లోపల పెద్ద పెద్ద హాళ్లు. జనం ఎక్కువగా మూగేది ‘అమెరికాలోకెల్లా అందమైన రోడ్‌స్టర్’ అవార్డుకు పోటీపడే కార్ల దగ్గర. ఆ ట్రోఫీయే తొమ్మిది అడుగుల ఎత్తు. కార్ల కింద అద్దాలు పెట్టి, అడుగుభాగం కూడా తళతళలాడేలా చూపిస్తారు. ఖర్చుకు వెనకాడని పని, తప్పు పట్టలేం. కానీ ఓ గంట తిరిగేసరికి కళ్లు అలిసిపోతాయి. అన్నీ ‘నన్ను చూడు, నన్ను చూడు’ అనే కార్లే.

నాకు నచ్చింది స్వేడ్ ప్యాలెస్ అనే హాలు. మెరుపు లేని ప్రైమర్ (అడుగు పూత) రంగు కార్లూ, పాత పద్ధతిలో కట్టిన కార్లూ ఉండే చోటు. ఎక్కువ భాగం యజమానులే సొంత షెడ్లలో చేసుకున్నవి. వాళ్లు మడత కుర్చీలేసుకుని పక్కనే కూర్చుని ఉంటారు. అడిగితే ఓపిగ్గా చెప్తారు. అడగకుండా మాత్రం కారు ముట్టుకోకూడదు.

అక్కడే ముదురు మెరూన్ రంగు 1940 ఫోర్డ్ కూపే ఒకటి చూశాం. నాతో వచ్చిన మా బావమరిది సెరిటోస్‌లో ఉంటాడు, ఇలాంటివి అతనికి పెద్దగా పట్టవు. కారు చుట్టూ ఒక రౌండ్ వేసి, ‘బావగారూ, ఇందులో వీళ్లు చేసిందేముంది? అప్పుడు కొన్నట్టే ఉందిగా’ అన్నాడు. కారు యజమాని, డెబ్బై దాటిన పెద్దాయన, ఏమన్నాడని అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన పడీపడీ నవ్వి, పొద్దుట్నుంచీ తన కారు గురించి విన్న మాటల్లో అదే గొప్ప మెచ్చుకోలు అన్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటీ చూపించాడు. బానెట్ మీది కంపెనీ గుర్తు తీసేసి ఆ రంధ్రాలు పూడ్చాడు. డిక్కీ హ్యాండిల్ లేదు. తలుపులకూ హ్యాండిళ్లు లేవు. కింద ఎక్కడో దాచిన చిన్న బటన్ నొక్కితే సోలినాయిడ్ అనే కరెంటు అయస్కాంతం లాగి తలుపు టక్కున తెరుచుకుంటుంది. వెనక లైట్లు 1939 ఫోర్డ్‌వి, నీటిబొట్టు ఆకారంలో ఉంటాయి. టాపును రెండంగుళాలు కిందికి దించాడు. రెండంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ టాపును మోసే స్తంభాలు నిటారుగా ఉండవు, లోపలికి వాలి ఉంటాయి. కోసి దించితే పైముక్క కిందిముక్క మీద సరిగ్గా కూర్చోదు. స్తంభాల వాలు మార్చాలి, లేదా టాపును చీల్చి మధ్యలో రేకు కలపాలి. తలుపుల చట్రాలూ, అద్దాలూ అన్నీ కొత్త కొలతకు కోయాల్సిందే. ఇంత చేశాక, చేసినట్టు కనపడకపోవడమే లెక్క.

అతుకుల మీద ఆయన పుట్టీ వాడలేదు, సీసం పెట్టాడు. నేను విజయవాడ ఆటోనగర్ పక్కన, లారీ బాడీల రేకు కొట్టే చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. టింకరింగ్ అంటే రేకు కొట్టి పైన పుట్టీ పెట్టడం చూశాను కానీ, సీసం పని గురించి ఇంత వివరంగా వినడం ఇక్కడే. రేకును శుభ్రంగా గీకి కళాయి వేస్తారు. సీసమూ తగరమూ కలిపిన కడ్డీని, చాలామంది 70–30 పాళ్లలో వాడతారు, మంటతో వేడి చేస్తారు. 183 డిగ్రీల సెల్సియస్ దాటాక అది ఒకేసారి కరిగి కారిపోదు, కాసేపు వెన్నముద్దలా ఉంటుంది. ఆ కాసేపట్లోనే మైనం పూసిన చెక్క తెడ్డుతో సాపు చేయాలి. మంట ఎక్కువైతే కింద పడిపోతుంది, రేకు కూడా వంకర తిరుగుతుంది. చల్లారాక ఆకురాయితో రుద్దుతారు. సీసం పొడి విషం కాబట్టి గ్రైండర్ పెట్టరు. ఇలా సీసం నింపి, బాగా కిందికి దించిన కార్లకే అక్కడ ‘లెడ్ స్లెడ్’ అని పేరు.

పనితనం ఎలా కనిపెట్టాలో కూడా ఆయనే చూపించాడు. మోకాళ్ల మీద కూర్చుని, పక్క రేకు మీద పడే హాలు లైట్ల ప్రతిబింబం చూడమన్నాడు. తల మెల్లగా జరుపుతుంటే ఆ గీత తలుపు మీంచి వెనక మడ్‌గార్డు మీదికి ఎక్కడా వణక్కుండా పాకింది. పక్క వరసలో ఎంతో ఖరీదుగా కనిపించిన కారు దగ్గర అదే చేశాం. తలుపు మధ్యలో గీత పాములా మెలిక తిరిగింది. ఆ తర్వాత మా బావమరిది ప్రతి కారు దగ్గరా వంగి చూడటమే!

షో కాక ఇంకోటి చూడాలంటే, లాస్ ఏంజిలిస్‌లోని కార్ల మ్యూజియం పీటర్సన్ ఆటోమోటివ్‌కు విల్షైర్ బులెవార్డ్ మీద వెళ్లే 720 బస్సులో వెళ్లొచ్చు. 1994లో పెట్టారు. 2015లో భవనం చుట్టూ స్టీలు పట్టీలు చుట్టి కొత్త రూపం ఇచ్చారు. నాకైతే ఆ భవనం అరుపులా ఉంది, లోపలి కార్లు నయం. మొదటి రోడ్‌స్టర్ అవార్డు గెలిచిన బిల్ నీక్యాంప్ 1929 ఫోర్డ్ వీళ్ల సేకరణలోదే. ఎప్పుడు ఏవి బయట పెడతారో మారుతుంటుంది కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి. మిగతా కార్లు దాచే బేస్‌మెంట్‌లోని వాల్ట్‌కు వేరే టికెట్. డబ్బుకు తగినట్టే ఉంది. చరిత్ర తెలుసుకోవడానికి పీటర్సన్ మంచిది. పనితనం చూడ్డానికి మాత్రం ఆ మసక వెలుతురు, అడ్డంగా కట్టిన తాళ్లు పనికిరావు.

ఈ కస్టమ్ కార్ల చరిత్రలో ఎక్కువగా వినిపించే పేరు జార్జ్ బారిస్. బ్యాట్‌మన్ టీవీ సీరియల్‌లో కనిపించే 1966 బ్యాట్‌మొబైల్ ఆయన షాపులోదే. నా ఓటు మాత్రం ఆయన అన్న శామ్‌కు. జార్జ్ ప్రచారంలో దిట్ట, శామ్ రేకు పనిలో దిట్ట. బాబ్ హిరోహటా అనే కుర్రాడి 1951 మెర్క్యురీని 1952లో వీళ్ల షాపులోనే చేశారు. టాపు ముందు నాలుగు అంగుళాలు, వెనక ఏడు అంగుళాలు దించి, మధ్య స్తంభాలు తీసేశారు. 1959లో దాన్ని 500 డాలర్లకు కొన్న ఒక కుర్రాడు జీవితాంతం అమ్మలేదు. 2022 వేలంలో 21 లక్షల డాలర్లు దాటి పలికింది.

శుక్రవారం సాయంత్రం ఖాళీ ఉంటే బర్బ్యాంక్‌లో బాబ్స్ బిగ్ బాయ్‌కు వెళ్లండి. 1949 నాటి రెస్టారెంట్. వెనక పార్కింగ్‌లో పాత కార్లవాళ్లంతా చేరతారు, చూడ్డానికి టికెట్ లేదు. అన్ని కార్లూ గొప్పవేం కావు, కొన్ని తుప్పుతోనే వస్తాయి. కానీ నడిచి వచ్చే కార్లు కాబట్టి ఇంజిన్ చప్పుడు వినొచ్చు. శాకాహారులకు వేపుడు బంగాళాదుంపలు, చీజ్ శాండ్‌విచ్, మిల్క్‌షేక్ తప్ప పెద్దగా ఏమీ దొరకవు. తిండికి ఆర్టీసియాలో పయొనీర్ బులెవార్డ్‌కు పోవాల్సిందే. దోసెలు, భోజనాలు, మిఠాయి షాపులు, చీరల షాపులు అన్నీ వరసగా ఉంటాయి. పొమోనా నుంచి సాయంత్రం ట్రాఫిక్‌లో గంట పైనే.

షోకి ఒక్క రోజే వీలైతే శనివారం వెళ్లండి. బయట మైదానంలో నడిపించుకొచ్చిన కార్లు వందల్లో నిలబెడతారు, ఎండలో రంగు అసలు రూపం తెలుస్తుంది. ఆదివారం సాయంత్రం అవార్డుల హడావుడిలో యజమానులకు మాట్లాడే తీరిక ఉండదు. పీటర్సన్‌ను సోమవారానికి పెట్టుకోవచ్చు.