సీ డ్రైవ్ నిండితే ఫార్మాట్ అక్కర్లేదు: జీపార్టెడ్ కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తా, డిస్కులోని పార్టిషన్ల (సీ, డీ లాంటి భాగాల) సైజు మార్చే జీపార్టెడ్ మంచి టూల్, పూర్తిగా ఉచితం, కానీ ఒక సెలవు రోజు దానికి రాసిచ్చేయాలి. మా ఇంటి డెస్క్‌టాప్‌కీ, చుట్టాల సిస్టమ్‌లకీ కొన్నేళ్లుగా దీన్నే వాడుతున్నాను.

హైదరాబాద్‌లో సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్నవాళ్లకి ఈ లెక్క తెలిసే ఉంటుంది. 1 టీబీ డిస్కులో సీకి 100 జీబీ ఇచ్చి మిగతాది డీ, ఈ అని పంచేస్తారు. అప్‌డేట్లు, పిల్లల గేములు అన్నీ సీలోకే చేరతాయి, డీలో పెళ్లి వీడియోలు తప్ప ఏమీ ఉండవు. సీ నిండి ఎర్రబడ్డాక సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ వైపు వెళ్లి అడిగితే చాలాసార్లు వినిపించే మాట, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, అరగంట పని". అరగంట వాళ్లకి. ఆ తర్వాత ట్యాలీ, ప్రింటర్ డ్రైవర్, తెలుగు ఫాంట్లు మళ్లీ ఎక్కించుకునేది మనం.

ఈ సైజులు మార్చడానికి విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ సీని పెంచాలంటే ఖాళీ జాగా దానికి కుడి పక్కన ఆనుకునే ఉండాలి. డీని కుదిస్తే వచ్చే ఖాళీ డీకి అవతల వైపు పడుతుంది కాబట్టి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కినా పలకదు. కుదించడంలోనూ పిసినారే. బోలెడు ఖాళీ కనిపిస్తున్నా పేజ్ ఫైల్ లాంటి కదలని ఫైళ్లు అడ్డొస్తే కొంచెమే ఇస్తానంటుంది. ఇక ఉచితం అని దింపుకున్నాక చివరి బటన్ దగ్గర డబ్బులడిగే టూల్స్ కూడా చూశాను, వాటి జోలికి పోవడం మానేశా.

జీపార్టెడ్ లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది (రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే చాలు). అప్పుడు విండోస్ నడుస్తూ ఉండదు కాబట్టి డీ ఎడమ అంచు పట్టుకుని కుడికి లాగొచ్చు, ఆ జాగా సీకి కలపొచ్చు. అసలు తిప్పలు ఇక్కడే. ఎడమ అంచు జరపడమంటే గీత జరపడం కాదు, ఆ పార్టిషన్ మొత్తం ఇంకోచోటికి కాపీ అవుతుంది, పాత హార్డ్ డిస్క్ అయితే గంటలు పడుతుంది. అందుకే నేను డీని ముందు వీలైనంత కుదిస్తాను, ఆ చిన్న ముక్కని జరుపుతాను, తర్వాత మళ్లీ పెంచుతాను. మధ్యలో కరెంట్ పోతే డేటా గోవిందా. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలివాన వస్తే మన దగ్గర ముందు పోయేది కరెంటే కదా, మామూలు యూపీఎస్ అంతసేపు ఆగదు. ఇన్వర్టర్ మీద పెట్టుకోండి, ఫొటోలు వేరే డిస్కులోకి కాపీ చేశాకే మొదలుపెట్టండి.

జీపార్టెడ్‌లో సీ, డీ అనే పేర్లు కనపడవు, ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 లాంటి పేర్లు ఉంటాయి. విండోస్‌లో ఉండగానే ప్రతి డ్రైవ్‌కీ ఒక లేబుల్ పెట్టుకోండి, టెన్షన్ సగం తగ్గుతుంది. కుదించడం, జరపడం, పెంచడం ఇవేవీ అప్లై నొక్కేదాకా నిజంగా జరగవు, కింద లిస్టులో చూసుకుని వెనక్కి తీసుకోవచ్చు, ఈ ఒక్క సంగతికే నాకు దీని మీద నమ్మకం.

ఫాస్ట్ స్టార్టప్, హైబర్నేషన్ ముందే ఆపేయాలి, లేకపోతే విండోస్ సగం నిద్రలో ఉంటుంది, జీపార్టెడ్ ఆ పార్టిషన్‌ని ముట్టుకోనంటుంది. బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకి విండోస్ వేసే తాళం) ఉంటే పూర్తిగా తీసేసి డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగాలి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో అది మనకి తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు.

సీ పక్కన రికవరీ పార్టిషన్ (విండోస్ చెడితే బాగుచేసుకోడానికి ఉంచే చిన్న భాగం) ఉన్నా అడ్డే. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ5034441 అప్‌డేట్ చాలామందికి ఎక్కకపోవడానికి కారణం ఈ పార్టిషన్‌లో జాగా సరిపోకపోవడమే, దాన్ని 250 ఎంబీ పెంచమని మైక్రోసాఫ్టే చెప్పింది. జీపార్టెడ్‌తో దాన్నీ జరపొచ్చు, పెంచొచ్చు, కాకపోతే తర్వాత విండోస్‌లోని రీఏజెంట్‌సీ కమాండ్‌తో రికవరీ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

చూడ్డానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, నాకైతే ఇబ్బంది లేదు. పని అయ్యాక విండోస్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు నల్ల తెర మీద డిస్క్ చెకింగ్ నడుస్తుంది. పాడైందేమో అని కంగారుపడి పవర్ బటన్ నొక్కేయకండి, దాని మానాన దాన్ని పూర్తికానివ్వండి.