బాగు చేయించుకోగలిగే యాంప్: నా మొదటి ట్యూబ్ యాంప్లిఫయర్ గురించి

మూడేళ్లకు పైగా వాడాక నా ట్యూబ్ యాంప్ (ట్రాన్సిస్టర్ల బదులు వాల్వులనే గాజు ట్యూబులతో ధ్వనిని పెంచే పెట్టె) గురించి నేను మొదట చెప్పే మాట ధ్వని గురించి కాదు. అది పాడైంది. మా బెజవాడలోనే, ఒక చిన్న కొట్టులో, గుప్పెట్లో పట్టే నాలుగు భాగాలతో బాగైంది. ఇప్పుడు మనం కొంటున్న ఎలక్ట్రానిక్ సామాన్లలో ఎన్నింటి గురించి ఈ మాట అనగలం? మా టీవీ ఆగిపోతే బోర్డు మొత్తం మార్చాలన్నారు. సౌండ్‌బార్ పోతే విప్పి కూడా చూడలేదు, కొత్తది కొనుక్కోమన్నారు. అందుకే ఈ సమీక్షలో సగం ఆ రిపేరు సంగతే ఉంటుంది.

నాది చానెల్‌కు ఒక ఈఎల్ 34 ట్యూబుతో నడిచే సింగిల్ ఎండెడ్ ఇంటిగ్రేటెడ్ యాంప్, అంటే ఒక్కో వైపు పవరంతా ఆ ఒక్క ట్యూబే ఇస్తుంది. చైనాలో తయారైంది. ఒక్కో వైపు పది వాట్లకు కాస్త అటూ ఇటూ. పాడైన కథ చెబుతున్నాను కాబట్టి కంపెనీ పేరూ అమ్మిన వాళ్ల పేరూ రాయను. ఈ తరహా యాంపులు చాలా కంపెనీలు చేస్తున్నాయి, లోపలి సర్క్యూట్ అన్నింటిలో దాదాపు ఒకటే.

కొన్న కొత్తలో నన్ను కట్టిపడేసినవి గొంతులు. ఘంటసాల పాడుతుంటే గొంతు స్పీకర్లలోంచి కాకుండా రెండింటి మధ్యలోంచి వస్తున్నట్టుంటుంది. పాత మోనో రికార్డింగులకు ఈ యాంప్ చేసే మేలు ఇంతా అంతా కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ రికార్డుల్లో ఎంత గరగర ఉన్నా, కమాను తీగ మీద ఆని కదలడం మొదలయ్యే ఆ క్షణం తెలుస్తుంది. విజయవాడ రేడియో కేంద్రం భక్తిరంజని వింటూ పెరిగిన మా అమ్మ ఒకసారి విని, "మన పాత రేడియోలాగే ఉందిరా" అంది. ఆ మాట ఎంత నిజమో నాకు చాలా తర్వాత తెలిసింది.

కొనాలనుకునేవాళ్లు యాంప్ కంటే ముందు స్పీకర్ల గురించి ఆలోచించాలి. నా దగ్గర అప్పటికే ఉన్న చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల సెన్సిటివిటీ 86 డెసిబెల్స్. అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో అంత ధ్వని వస్తుంది. ప్రతి 3 డెసిబెల్స్ పెరగడానికి పవర్ రెట్టింపు కావాలి. పది వాట్లు మొత్తం ఇచ్చినా ఆ స్పీకర్లు 96 దగ్గర ఆగిపోతాయి. మామూలుగా వినడానికి అది చాలు, కానీ డప్పు మోగినప్పుడో, ఆర్కెస్ట్రా ఒక్కసారిగా లేచినప్పుడో ధ్వని నలిగిపోతుంది. తర్వాత 92 డెసిబెల్స్ స్పీకర్లు తెచ్చుకున్నాను. ఆ 6 డెసిబెల్స్ తేడా పది వాట్ల యాంప్‌ను నలభై వాట్ల యాంప్ చేసినంత. పైన గొంతుల గురించి రాసిన దాంట్లో కొంత ఘనత ఈ స్పీకర్లదేనని ఇప్పుడు అనిపిస్తుంది. పాత స్పీకర్లను మళ్లీ తగిలించి విన్నప్పుడు గొంతులు బాగానే ఉన్నాయి గానీ, మొదటి రోజుల్లో అనిపించినంత కాదు.

స్పీకరు తగిలించకుండా ఈ యాంప్‌ను ఆన్ చేయకూడదు. ట్యూబు వేల ఓమ్స్ లోడు మీద పనిచేస్తుంది, స్పీకరేమో 4 లేదా 8 ఓమ్స్. ఈ రెంటినీ కలిపేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. అవతల లోడు లేకుండా పాట వస్తే ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి విపరీతంగా లేచి చుట్ట లోపల ఇన్సులేషన్ పాడవుతుంది. యాంప్‌లో అన్నింటికంటే ఖరీదైన భాగం అదే. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్‌కు వైర్లు ఊడితే ఏమీ కాదు, అందుకే ఈ సంగతి కొత్తవాళ్లకు చెప్పాల్సి వస్తుంది.

ఇక పాడైన సంగతి. ఒక రాత్రి పాట వింటుండగా ఎడమ వైపు ధ్వని బొంగురుపోయింది. చూస్తే ఎడమ ఈఎల్ 34 లోపల, ఫిలమెంట్ వెలుగు కాదు, దాని చుట్టూ ఉండే బూడిదరంగు రేకు ఎర్రబడుతోంది. ప్లేటు అనేది ఆ రేకే. అది ఎర్రబడిందంటే ట్యూబు మోయగలిగిన దాని కంటే ఎక్కువ కరెంటు పారుతోందని అర్థం. ఈఎల్ 34 ప్లేటు పరిమితి 25 వాట్లు. వెంటనే ప్లగ్గు పీకేశాను. ఫ్యూజు మాత్రం పోలేదు. ఈ స్థాయి కరెంటుకు చాలాసార్లు పోదు కూడా, దాని మీద ధీమా వద్దు.

బాగా చల్లారాక ఎడమ ట్యూబు కుడికీ, కుడి ట్యూబు ఎడమకూ మార్చి చూశాను. లోపం ట్యూబులో ఉంటే అది ట్యూబుతో పాటు అవతలికి వెళ్లాలి. వెళ్లలేదు. మంచి ట్యూబు కూడా ఎడమ సాకెట్‌లో పెట్టిన కాసేపటికి ఎర్రబడటం మొదలెట్టింది. అంటే లోపం యాంప్‌లోనే ఉంది. ఈ ఒక్క పరీక్ష వల్ల అనవసరంగా కొత్త ట్యూబులు కొనే ఖర్చు తప్పింది.

అమ్మిన వాళ్లకు ఫోన్ చేస్తే, డబ్బాలో ప్యాక్ చేసి తమ ఊరికి పంపమన్నారు. రానూపోనూ కొరియర్ ఖర్చు నాదే, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేమన్నారు. మూడు ట్రాన్స్‌ఫార్మర్లున్న ఈ పెట్టె పదహారు కిలోల పైమాటే. దాన్ని కొరియర్ వాళ్ల చేతుల్లో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆ సమాధానం ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఫోన్‌లో రెండు ప్రశ్నలు అడిగి ఉంటే ఏ భాగం పోయిందో వాళ్లకే తెలిసేది.

గవర్నర్‌పేటలో పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారని మా బంధువు ఒకాయన చెప్పారు. తీసుకెళ్లాను. ఆయన యాంప్ పైన మెరిసే భాగాలేవీ చూడలేదు. తిరగేసి, అడుగు రేకు స్క్రూలు విప్పి, లోపలికి చూసి, "ఇది రేడియోనే కదా బాబూ" అన్నారు.

నిజంగానే అంతే. లోపల ప్రింటెడ్ బోర్డు లేదు. ట్యాగ్ స్ట్రిప్పుల మీద భాగాలు ఒకదానికొకటి చేత్తో సోల్డర్ చేసి ఉన్నాయి. ముందు 12ఏఎక్స్ 7 అనే చిన్న ట్యూబు, దాని నుంచి ఒక కండెన్సర్, తర్వాత పవర్ ట్యూబు ఈఎల్ 34, ఆపైన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. పాత ఫిలిప్స్ రేడియోలలో ఈఎల్ 84 వాల్వు ఉండే చివరి దశ ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉందని, వాల్వు పెద్దది, వోల్టేజి ఎక్కువ, అదే తేడా అని చెప్పారు. సర్క్యూట్ డయాగ్రమ్ ఉందా అని కూడా అడగలేదు. పాత క్యాలెండర్ కాగితం వెనక ఆయనే గీసేశారు.

మొదట పెద్ద ఫిల్టర్ కండెన్సర్లను రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేశారు. ప్లగ్గు తీసేసినా వాటిలో 350, 400 వోల్టుల డీసీ మిగిలి ఉండొచ్చు. దయచేసి ఇంట్లో ఎవరూ సరదాకు అడుగు రేకు విప్పకండి. తర్వాత 200 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉన్న సిరీస్ బోర్డు మీద పెట్టి ఆన్ చేశారు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండా వెలుగుతుంది, కరెంటంతా యాంప్‌లోకి పోదు. బల్బు నిండా వెలగకపోవడంతో నేరుగా లైన్‌కు పెట్టారు. ఎడమ పవర్ ట్యూబు తీసేసి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో మీటరు ముల్లు సాకెట్ ఐదో పిన్నుకు తగిలించారు. అది కంట్రోల్ గ్రిడ్, ట్యూబులో పారే కరెంటును అదుపు చేసేది. ట్యూబు లేనప్పుడు అక్కడ సున్నా ఉండాలి. మీటరులో 14 వోల్టులు.

"వాల్వుది తప్పు కాదు. కండెన్సర్ లీకు కొడుతోంది" అన్నారు.

ముందు దశ ప్లేటు దగ్గర వందల వోల్టులుంటాయి. పాటను మాత్రం అవతలికి వదిలి ఆ డీసీని ఆపడమే మధ్యలో ఉన్న కప్లింగ్ కండెన్సర్ పని. అది లీకై గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజి వదిలితే ట్యూబు తలుపులు బార్లా తెరిచినట్టే. కరెంటు పెరిగి ప్లేటు ఎర్రబడింది, ఆ కరెంటే పారే కింది కాథోడ్ రెసిస్టర్ కూడా కాగి నల్లబడింది. ఏ భాగం వల్ల ఏ భాగం పోయిందో కంటికి కనిపిస్తోంది, మీటరుతో రుజువవుతోంది. పాతికేళ్లుగా పాటలు వింటున్నాను. పాట వచ్చే దారి ఇలా పిన్ను పిన్నుకూ చూడటం నాకు అదే మొదలు. చెప్పలేనంత సంతోషమేసింది.

0.22 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు ఆయన దగ్గర లేవు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకున్నాం. ఎడమది పోయిందంటే కుడిదీ అదే సరుకు కాబట్టి రెండూ మార్చారు. కాథోడ్ రెసిస్టర్ ఐదు వాట్లది తీసి పది వాట్లది వేశారు, దాని పక్క ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ కూడా మార్చారు. సామానూ మజూరీ కలిపి రెండు వేలు దాటలేదు. అప్పటి నుంచి మళ్లీ ఆ సమస్య రాలేదు.

ఇంకో మేలు కూడా చేశారు. ఇలాంటి యాంపులు కొన్ని 220 వోల్టులకు తయారవుతాయి. మా వీధిలో రాత్రి పొద్దుపోయాక లైన్ వోల్టేజి 245 దాటుతుంది. అప్పుడు 6.3 వోల్టులు అందాల్సిన హీటర్లకు 7 దాకా వెళ్తుంది, ట్యూబుల ఆయుష్షు తగ్గుతుంది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు వాడకుండా వదిలేసిన 240 వోల్టుల ట్యాపు (లైన్ వైరు కలిపే ఇంకో కొస) ఉందని ఆయనే గమనించి వైరు అటు మార్చారు. ధ్వనిలో నాకు తేడా ఏమీ తెలియలేదు గానీ పెట్టె వేడి కాస్త తగ్గింది. కొనేముందు వెనక ప్లేటు మీద ఎన్ని వోల్టులని రాసుందో చూడండి, 240 ట్యాపు ఉందేమో అడగండి.

వేడి ఎంత తగ్గినా వేడే. సింగిల్ ఎండెడ్ యాంప్ క్లాస్ ఏలో పనిచేస్తుంది, అంటే వాల్యూమ్ సున్నాలో ఉన్నా ఒకటే కరెంటు లాగుతుంది. నాది వంద వాట్లకు పైనే. మే నెలలో ఏసీ లేని గదిలో దీన్ని పెట్టుకుని వినలేం. నేను ఎండాకాలంలో రాత్రిళ్లే వింటాను. చిన్నపిల్లలున్న ఇంట్లో ట్యూబుల మీద జాలీ మూత తప్పనిసరి, గాజు ముట్టుకుంటే చర్మం కాలుతుంది. టీవీకి తగిలించి రోజంతా ఆన్‌లో పెట్టే వస్తువు కూడా కాదు. పవర్ ట్యూబులు రెండు మూడు వేల గంటలు వస్తాయనుకుంటే, రోజూ రెండు మూడు గంటలు వినేవాళ్లకు మూడేళ్లకోసారి ఖర్చు ఉంటుంది.

ఆ ట్యూబులు దొరకడం కూడా ఆలోచించాల్సిన విషయం. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు రేడియో వాల్వులు చేసేవాళ్లు. పెద్దాయన డబ్బాలో ఆ కంపెనీ ఈసీసీ 83లు (12ఏఎక్స్ 7కే ఇంకో పేరు) ఇంకా కొన్ని ఉన్నాయి. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచే. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా ట్యూబుల ఎగుమతికి అడ్డంకులు వచ్చినప్పుడు ధరలు బాగా పెరిగాయి. నేను స్లొవేకియాలోని చాడ్‌సా ఊళ్లో జేజే కంపెనీ వాళ్లు చేసే ఈఎల్ 34 జత ఒకటి ముందే కొని పెట్టుకున్నాను.

ధ్వని గురించి ఇంకో మాట. కొత్త సినిమా పాటల్లో వచ్చే లోతైన బేస్ దీంట్లో మెత్తబడుతుంది. ఈ తరహా యాంప్‌కు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ కాబట్టి స్పీకర్ కోన్ మీద పట్టు తక్కువ. మా అబ్బాయి తన పాటలు దీంట్లో పెట్టుకోడు, పాత ట్రాన్సిస్టర్ యాంప్ వాడు తీసుకున్నాడు. వాడు చెప్పేదీ సబబే. గొంతులకు నిండుదనం ఇస్తున్నది కూడా కొంతవరకు ఈ సర్క్యూట్ చేర్చే రెండో హార్మోనిక్ డిస్టార్షనే, అంటే అసలు రికార్డింగులో లేని, పై స్థాయి స్వరం కాస్త కలవడమే. ఆ సంగతి తెలిశాక కూడా నాకు అదే నచ్చుతోంది.

ఇన్ని చెప్పినా, మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను. నాది చిన్న గది, పాత పాటలే ఎక్కువ వింటాను, రాత్రి పూట వింటాను, డెబ్బై దాటినా కొట్టు తెరిచే పెద్దాయన స్కూటర్ మీద పావుగంట దూరంలో ఉన్నారు. ఈ నాలుగింట్లో ఆఖరిది లేకపోతే బాగు చేయించుకోగలిగే వస్తువు అన్న నా పొగడ్తకు విలువ సగం పడిపోతుంది. మీ ఊళ్లో వాల్వులు తెలిసిన మెకానిక్ లేకపోతే, సర్వీసు ఇచ్చే అమ్మకందారు ఉన్న ఊరి నుంచే కొనండి, ధర కాస్త ఎక్కువైనా సరే. కొనేముందు అడుగు రేకు విప్పిన ఫొటో పంపమని అడగండి. చేత్తో సోల్డర్ చేసిన వైరింగ్ కనిపిస్తే, కండెన్సర్ల మీద వోల్టేజి చదవగలిగేలా ఉంటే, అప్పుడు ధర మాట్లాడండి. ఫొటో ఇవ్వడం కుదరదంటే ఆ యాంప్ నేనైతే వదిలేస్తాను.