ఊరు మారి బోటు కొంటున్నారా? రేవు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

కాకినాడ వైపు నుంచి శ్రీకాకుళం తీరానికి గానీ, అటు నుంచి ఇటు గానీ మకాం మార్చి సెకండ్‌హ్యాండ్ ఫైబర్ బోటు కొనాలనుకుంటున్న అన్నలూ, తమ్ముళ్ళూ, ఇది కాస్త పొడుగ్గానే ఉంటుంది, అయినా డబ్బు చేతులు మారకముందే ఒకసారి చదవండి. మా చిన్నాన్నకి ఒక బ్రోకర్ అంటగట్టిన బోటు గురించి ఇది. ఆ బ్రోకర్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఊరి పెద్దల దగ్గర పంచాయితీ నడుస్తోంది. పైగా ఈ పని చేసేది అతనొక్కడే కాదు, కాబట్టి పేరు తెలిసినా మీకు ఒరిగేది పెద్దగా లేదు, పద్ధతి తెలియాలి.

మాది కాకినాడ దగ్గర. ఆ సముద్రం సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, హోప్ ఐలాండ్ అడ్డంగా పడుకుని ఉంటుంది కాబట్టి లోపల పెద్ద కెరటం లేవదు. కోరంగి వైపు ఏటిపాయల్లో, కాలవల్లో బోటు కట్టేసి ఇంటికొచ్చి పడుకుంటాం, తెల్లారి తాడు విప్పి ఇంజిన్ స్టార్ట్ చేయడమే. చిన్నమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం వైపు. ఇంటి అవసరాల వల్ల చిన్నాన్న కాపురం అటు మార్చాల్సి వచ్చింది. చేపల వేట తప్ప ఇంకో పని తెలియని మనిషి, వెళ్ళగానే బోటు కోసం వెతికాడు.

బ్రోకర్ ఏమన్నాడో వినండి. "బాబాయ్, నీకు ఈ ఊరి తెప్పలు అలవాటుండవు, మీ కాకినాడ బోటే ఒకటి ఉంది, లోపల ఇంజిన్, నీ చెయ్యి తిరిగినదే, కళ్ళు మూసుకుని నడిపేస్తావ్" అన్నాడు. ఎంత తెలివైన మాటో చూడండి. పరాయి ఊరికి కొత్తగా వెళ్ళినవాడికి తెలిసిన వస్తువు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ బోటు ఆ తీరంలో ఎందుకు పనికిరాదో, దాని పాత ఓనర్ ఎందుకు వదిలించుకుంటున్నాడో ఆ బ్రోకర్‌కి పూర్తిగా తెలుసు. తెలిసే, ఊరికి కొత్తగా వచ్చిన మనిషి దొరికేదాకా ఆగాడు.

ఎందుకు పనికిరాదో చెప్తాను. శ్రీకాకుళం తీరంలో చాలా ఊళ్ళకి హార్బర్ లేదు. వేటకి వెళ్ళాలంటే ఇసుక మీద నుంచే బోటుని నీళ్ళలోకి నెట్టి, వరసగా విరిగే కెరటాల్ని దాటించి వెళ్ళాలి. వచ్చేటప్పుడు అదే కెరటం మీద నుంచి దిగి, ఇసుక మీదకి ఎక్కించి, మనుషులతోనో ట్రాక్టరుతోనో లాగించి పైకి చేర్చాలి. అందుకే అక్కడివాళ్ళు ఫైబర్ తెప్పలు వాడతారు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, నీళ్ళు పైకొచ్చినా మునగదు. ఇంజిన్ కూడా లాంగ్ టెయిల్, అంటే అమరం (బోటు వెనక భాగం) దగ్గర పైన ఇంజిన్, దాని నుంచి వెనక్కి పొడుగాటి షాఫ్టు, చివర నీళ్ళని నెట్టే ఫ్యాను. ఒడ్డు దగ్గరికి రాగానే తోక పైకెత్తేస్తారు, ఫ్యాను ఇసుకకి తగలదు.

మాకు అమ్మిన బోటులో ఇంజిన్ లోపల. షాఫ్టు అడుగు నుంచి బయటికొస్తుంది, ఫ్యానూ చుక్కానీ రెండూ అడుగు కంటే కిందకి ఉంటాయి, పైకెత్తే వీలు లేదు. కాలవలో కట్టేసే బోటుకి అది మంచి ఏర్పాటే, నేను కాదనను, లోతున్న చోట దాని నడకే వేరు. కానీ ఇసుక మీద ఎక్కాల్సిన చోట మొట్టమొదట నేలకి తగిలేది ఆ ఫ్యానే. తగిలి ఆగిపోయిందంటే బోటు కెరటానికి అడ్డం తిరుగుతుంది. ఆ తర్వాత వచ్చే కెరటం ఇక బోటులోనే.

మాకు సరిగ్గా అదే జరిగింది. నేనూ ఆ బోటు మీదే ఉన్నాను. షాఫ్టు వంగింది, వలలు సగం పోయాయి, చిన్నాన్న పక్కటెముకలకి దెబ్బ తగిలింది. ఒడ్డున ఉన్న ఊరి కుర్రాళ్ళు నీళ్ళలోకి దూకి లాగకపోతే ఇంకేమయ్యేదో.

మరి కొనే ముందు నడిపి చూడలేదా అని అడుగుతారు. అక్కడే ఉంది అసలు మెలిక. బేరం నడిచింది మే నెలలో. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఇంజిన్ ఉన్న బోట్లన్నీ ఆగి ఉంటాయి. "ఇప్పుడు బోటు కదిపితే ఆఫీసర్లు పట్టుకుంటారు బాబాయ్, జూన్‌లో ధర పెరిగిపోద్ది, ఇప్పుడే ఖాయం చేసుకో" అన్నాడు. బోటు నది మొగ లోపల నిలవ నీటిలో కొత్త పెయింటుతో పెళ్ళికొడుకులా తేలుతోంది. ఇంజిన్ స్టార్ట్ చేసి చూపించాడు, పొగ లేదు, శబ్దం బాగుంది. సముద్రంలో మాత్రం చూపించలేదు. వేట నిషేధంలో బోట్లు ఎక్కువగా అమ్మకానికి రావడం మామూలే, రిపేర్లు చేసుకునేదీ అప్పుడే, అందులో తప్పేం లేదు. మీరు మాత్రం జూన్ 15 తర్వాత, మీరు రోజూ దిగబోయే అదే రేవులో ఒకసారి లోపలికీ బయటికీ తిప్పి చూసేదాకా సగానికి మించి ఇవ్వకండి. ఆ మాట కాగితం మీద రాయించుకోండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ బోటు మీకొద్దు.

మొగలో కట్టుకోవచ్చు కదా, ఒడ్డుకి ఎక్కించడం ఎందుకు అని కూడా బ్రోకర్ చెప్పాడు. వంశధార మొగ చూసినవాళ్ళకి తెలుసు, ఇసుక మేట ఒక చోట ఉండదు. వరదకి ఒకలా, ఎండాకాలంలో ఒకలా ఉంటుంది. దారి ఎక్కడుందో రోజూ ఆ నీటిలో తిరిగేవాళ్ళకే అంతుపడుతుంది, మేట మీద కెరటం ఒడ్డు కంటే ఘోరంగా విరుగుతుంది.

ఇంకో సంగతి, ఇది బరువు గురించి. 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. ఉత్తరాంధ్ర తీరంలో అక్టోబరు అంటే ఏంటో ఈ మూడు పేర్లు చాలు. తుఫాను వార్త రాగానే అక్కడివాళ్ళు ముందు చేసే పని తెప్పల్ని ఇసుక మీద ఎంత పైకి వీలైతే అంత పైకి లాగేయడం. మా బోటు కదిలేది కాదు. బోటు ఎంత బాగున్నా, వార్త వచ్చిన పూట దాన్ని పైకి లాగే మనుషులు మీ రేవులో ఉన్నారా లేదా అన్నది కొనే ముందే చూసుకోవాలి. కొత్తగా వచ్చినవాడి బోటు దగ్గరికి ఆ హడావిడిలో ఎవరు పరిగెత్తుకొస్తారు?

బోటు రకం పక్కన పెడితే, బోటులో చేసిన మాయ వేరే. పెయింటు కింద పుట్టీ. వెనక ఇంజిన్ పక్కన, ముందు అణియం (బోటు ముక్కు) కింద పాత పగుళ్ళకి ఫైబర్ మ్యాట్ వేసి రెజిన్ పట్టించకుండా, పైపైన పుట్టీ పూసి రంగు కొట్టారు. దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. రూపాయి బిళ్ళ తీసుకుని బోటు చుట్టూ కొట్టుకుంటూ వెళ్ళండి, గట్టి ఫైబర్ టక్ టక్‌మంటుంది, పొర విడిపోయిన చోట బోలుగా మొద్దు శబ్దం వస్తుంది. అమరం లోపల చెక్క పెట్టి పైన ఫైబర్ వేసిన బోటు అయితే ఆ చెక్క నీళ్ళు తాగి కుళ్ళిపోయి ఉండొచ్చు. ఇంజిన్ బిగించిన బోల్టుల చుట్టూ తుప్పు నీళ్ళు కారుతున్నాయేమో చూడండి. తెప్ప కొనేవాళ్ళకి ఇంకోటి, లోపల ఫోమ్ ఉంటుంది, పైచర్మం పగిలితే ఆ ఫోమ్ నీళ్ళు పీల్చేసి బరువెక్కుతుంది, బయటికి ఏమీ కనిపించదు. అలాంటి సైజు తెప్పని ఊళ్ళో మామూలుగా ఎంతమంది లాగుతారో అంతమందితోనే లాగించి చూడండి. కదలకపోతే లోపల నీళ్ళున్నాయని అర్థం. కొత్త పెయింటు వేసి ఉంటే మాత్రం రెట్టింపు అనుమానించండి, అమ్మే ముందు రంగు వేయడం మర్యాద కోసం కాదు.

ఇక కాగితాలు. "స్టాంపు పేపర్ మీద రాసుకుందాం, పేరు తర్వాత మార్పించుకోవచ్చు" అన్నాడు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఐఎన్‌డీ ఏపీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు బోటు మీద ఒకటి, కాగితంలో ఒకటి కాకుండా చూసుకోవాలి, ఇంజిన్ నంబరు కూడా కలవాలి. మా ఇంజిన్ నంబరు కలవలేదు. మత్స్యశాఖ ఆఫీసుకి మీరే స్వయంగా వెళ్ళండి, బ్రోకర్‌ని పంపకండి, బోట్ల రిజిస్ట్రేషన్లు ఉండే రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లో బోటు ఎవరి పేరు మీద ఉందో చూపించమనండి. సచివాలయంలో మత్స్య సహాయకుడిని అడిగినా దారి చెప్తారు. బోటు మీ పేరు మీదకి రాకపోతే డీజిల్ మీద లీటరుకి 9 రూపాయల రాయితీ మీకు రాదు. వేట నిషేధం భృతి కూడా అంతే, 2025లో దాన్ని 20,000 చేశారు కదా, అది ఓనర్‌కే కాదు, ఆ బోటు మీద పనిచేసే కళాసీలకి కూడా బోటు లెక్కల్ని బట్టే వస్తుంది. మన వల్ల వాళ్ళ డబ్బు పోతే మళ్ళీ మన బోటు ఎక్కుతారా? సబ్సిడీలో తీసిన బోటా, బ్యాంకు అప్పు ఉందా అన్నది కూడా ఆ ఆఫీసులోనే, బ్యాంకులోనే అడగాలి, అమ్మేవాడిని కాదు.

ఊరి కట్టుబాట్లు వేరే ఉంటాయి. మీ దగ్గర చెల్లే వల అక్కడ గొడవ కావచ్చు. విశాఖలో 2022 జనవరిలో రింగు వలల గురించి బోట్లు తగలబెట్టుకునేదాకా వెళ్ళింది. బోటుతో పాటు వలలు కూడా కలిపి అమ్ముతుంటే ఆ వల ఆ రేవులో వేయనిస్తారా అని ముందు పెద్దల్ని అడగండి. ఇచ్ఛాపురం దాటి ఒడిశా వైపు, పూరీ పెంఠకటలో మన తెలుగువాళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి, అక్కడ తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య, దేవి, ధమ్రా మొగల దగ్గర 20 కిలోమీటర్ల లోపు వేట ఆపేస్తారు. ఇంజిన్ బోటు మీద అప్పు చేసి వెళ్తే ఆ నెలల్లో కిస్తీ ఎలా కడతారో లెక్క వేసుకోండి. గుజరాత్ వెళ్ళేవాళ్ళు ఎలాగూ అక్కడి బోట్ల మీద కూలికే వెళ్తారు కాబట్టి వాళ్ళకి ఈ బాధ లేదు, వేరే బాధలు చాలా ఉన్నాయి.

నా మాట వింటే, కొత్త ఊరికి వెళ్ళాక వెంటనే బోటు కొనకండి. కొన్నాళ్ళు ఆ ఊరివాళ్ళ తెప్ప మీద వాటాకి వెళ్ళండి. ఒడ్డున ఏ బోట్లు ఎక్కువున్నాయో చూడండి. ఒకే రకం కనిపిస్తుంటే ఆ ఊరివాళ్ళు మిగతావన్నీ వాడి చూసి వదిలేశారని అర్థం. రిపేరుకి ఏ ఇంజిన్ మెకానిక్ దగ్గర్లో ఉన్నాడో కూడా అప్పుడే తెలుస్తుంది, మా లోపలి ఇంజిన్‌కి ఆ చుట్టుపక్కల చెయ్యి పెట్టేవాడే దొరకలేదు.

ప్రస్తుతం షాఫ్టు సరిచేయించాం, పుట్టీ మొత్తం గీకించి మ్యాట్ వేయిస్తున్నాం. పెద్దలు డబ్బు ఎంత తిరిగి ఇప్పిస్తారో ఇంకా తేలలేదు. కాగితాలు తేలాక దాన్ని లారీ మీద కాకినాడ తెచ్చి అమ్మే ఆలోచనలో ఉన్నాం. కోరంగి, యానాం వైపు కాలవలో కట్టుకునేవాళ్ళు ఎవరైనా చూడాలనుకుంటే చెప్పండి. ఎక్కడెక్కడ పగిలిందో, ఇంజిన్ నంబరు గొడవ ఏంటో అన్నీ చూపించే అమ్ముతాం, నీళ్ళలో మీరే తిప్పి చూసుకోవచ్చు.