తెల్ల మచ్చ అంటే ఏమిటో చెప్పిన స్కానింగు

మా అన్నయ్యకు కవిటి దగ్గర కొబ్బరితోట ఉంది. నిరుడు మెదడులో గ్లయోమా గడ్డకు విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి, ఆ తర్వాత ఆరు వారాలు రేడియేషన్ ఇచ్చారు. కొన్ని నెలలకు ఒక చోట తీయించిన మామూలు ఎమ్మారైలో, కోసిన చోటే కొత్తగా తెల్లని మచ్చ కనిపించింది. రిపోర్టులో "గడ్డ తిరగబెట్టినట్లుంది" అని ఒక్క వాక్యం రాసి పంపేశారు. వదిన నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదు. నిజానికి రేడియేషన్‌కు చచ్చిపోయిన కణజాలమూ మందు ఎక్కించి తీస్తే అలాగే తెల్లగా మెరుస్తుంది. ఆ సంగతి సర్జన్ చెబితేనే మాకు తెలిసింది. మచ్చలో రక్తం ఎంతుందో కొలిచే పర్‌ఫ్యూజన్, అక్కడి రసాయనాలను చూసే స్పెక్ట్రోస్కోపీ అనే ఎమ్మారై పరీక్షలు చేయించుకుని రమ్మన్నారు.

అవి శ్రీకాకుళంలోనే ఒక సెంటర్‌లో చేస్తారని విని, సోంపేటలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి వెళ్లాం. అక్కడ మొట్టమొదట క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు అడిగారు. స్కానుకు ఎక్కించే గాడోలినియం మందు మూత్రపిండాల గుండానే బయటికి పోవాలి కదా! కిడ్నీ జబ్బుతో ఇంతమందిని పోగొట్టుకున్న ఉద్దానం వాళ్లం, ఆ ఒక్క ప్రశ్నతోనే మాకు నమ్మకం కుదిరింది. అన్నయ్య మొలతాడుకున్న రాగి తాయెత్తు తీయడానికి ఒప్పుకోలేదు. టెక్నీషియన్ విసుక్కోకుండా, "మీ చెల్లెలి చేతిలోనే ఉంటుంది బాబాయ్, బయటికి రాగానే కట్టుకుందురుగాని" అని ఒప్పించాడు.

లోపల ముప్పావుగంట పట్టింది. పర్‌ఫ్యూజన్ కోసం మందును యంత్రంతో ఒక్కసారిగా వేగంగా ఎక్కిస్తారు. అది మెదడు గుండా మొదటిసారి పారేటప్పుడే వెంటవెంటనే బొమ్మలు తీసి, ఏ చోట ఎంత రక్తం ఉందో లెక్కకడతారు. పెరిగే గడ్డ కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది కాబట్టి అక్కడ రక్తం ఎక్కువ. అన్నయ్య మచ్చలో మాత్రం ఎదుటి వైపు ఆరోగ్యమైన భాగం కంటే తక్కువే ఉంది. స్పెక్ట్రోస్కోపీలో, గడ్డ కణాలు పెరిగేచోట ఎక్కువయ్యే కోలిన్ పెరగలేదు. చచ్చిపోయిన కణజాలంలో కనిపించే కొవ్వు, లాక్టేట్ శిఖరం మాత్రం గ్రాఫులో లేచింది. రేడియాలజిస్టు మమ్మల్ని కూర్చోబెట్టి రంగుల పటం చూపించారు. "రేడియేషన్ ప్రభావమే అనిపిస్తోంది. ముక్క తీసి చూసే బయాప్సీ ఎంత కచ్చితమో ఈ స్కాను అంత కచ్చితం కాదు, రెండు నెలల తర్వాత మళ్లీ చూద్దాం" అన్నారు. తెలిసినంతే చెప్పి ఆగినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

లోటు లేకపోలేదు. రిపోర్టు మరునాటి సాయంత్రానికి గానీ ఇవ్వలేదు. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఒక రాత్రి బస తప్పదు. ఫిల్ముల్లో రంగుల పటాలు లేవు, సీడీ అడిగితేనే ఇచ్చారు. సర్జన్ చూసింది ఆ సీడీనే. మెదడు గడ్డకు రేడియేషన్ అయినవాళ్లెవరైనా మళ్లీ స్కానుకు వెళ్తుంటే, పర్‌ఫ్యూజన్ కావాలో వద్దో మీ డాక్టరును ముందే అడిగి చీటీలో రాయించుకోండి. మేమూ అలా చేసి ఉంటే మాకు రెండుసార్లు ఖర్చు, నాలుగు రోజుల ఏడుపు తప్పేవి.

వచ్చే నెల స్కానుకూ అక్కడికే వెళ్తున్నాం.