ఎల్బో గ్రీజ్ స్ప్రే: పేరులో చమత్కారం, పనిలో నిజాయితీ

బ్రిటన్‌లో కాపురముంటున్న తెలుగువారి వంటగదుల్లో, చలికి కిటికీలు బిగించుకుని తాలింపులు వేసే నెలల్లో, పొయ్యి వెనుక పలకలకూ పైనున్న చిమ్నీ జాలీకీ పట్టే జిడ్డు గిన్నెలు తోమే సబ్బుకు ఒక పట్టాన లొంగదు. అక్కడి చవక దుకాణాల్లో పసుపుపచ్చ సీసాలో, నిమ్మ వాసనతో దొరికే ‘ఎల్బో గ్రీజ్’ స్ప్రే ఈ జిడ్డు కోసమే తయారైనది.

దీని పేరు గురించి కాస్త చెప్పుకోవాలి. ఒళ్లు వంచి రుద్దడానికీ తోమడానికీ పెట్టే శ్రమను ఇంగ్లీషువారు ‘ఎల్బో గ్రీజ్’, అంటే మోచేతి గ్రీజు, అంటారు. మన రెక్కల కష్టానికి దగ్గరి మాట. 1672లో కవి ఆండ్రూ మార్వెల్ రాసిన వచనంలోనే అది కనిపిస్తుంది. పనిలో కొత్తగా చేరిన కుర్రవాణ్ణి ఎల్బో గ్రీజ్ డబ్బా పట్టుకురమ్మని దుకాణానికి పంపి నవ్వుకోవడం అక్కడి పనివాళ్ల పాత వేళాకోళం. డబ్బు పెట్టినా దొరకనిదాని పేరును సీసా మీద అచ్చువేసి అమ్మడంలోని గడుసుదనం నాకు బాగా నచ్చింది. అయితే ఈ మాట చేతులతో చేసే పనికే చెల్లుతుంది, పరీక్షల కోసం రాత్రంతా చదివినవారి విషయంలో వారు అర్ధరాత్రి నూనె కాల్చారంటారు (అదీ నూనే!).

ఇక పనితనం. స్టవ్ చుట్టూ చిందిన తాజా నూనె మీద చల్లి, కొద్ది నిమిషాలు ఆగి తడిగుడ్డతో తుడిస్తే శుభ్రంగా వచ్చేస్తుంది. పాత జిడ్డు సంగతి వేరు. పలచగా పరుచుకున్న నూనె వేడికీ గాలికీ గట్టిపడి వార్నిష్ పొరలా మారుతుంది. అప్పుడది నూనె లక్షణాన్నే కోల్పోతుంది గనుక, ఇటువంటి ద్రావణం ఏదైనా దాన్ని కొంత మెత్తబరుస్తుందే గాని పూర్తిగా ఊడదీయలేదు. గారెలూ బూరెలూ వండిన పండుగల ఆనవాళ్లున్న జాలీని వేడినీళ్లలో నానబెట్టి, దీన్ని చల్లి, ఆపైన పీచుతో రుద్దవలసిందే; అంటే సీసా మీది మాటకు అసలు అర్థం అక్కడ మనకే వర్తిస్తుంది.

చల్లేటప్పుడు తుంపర గొంతులోకి పోకుండా కిటికీ తెరిచి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. రంగు వేసిన చోట ముందుగా ఒక మూల పరీక్షించాలి. వంట గట్టును చివర మంచినీళ్లతో తుడవాలి. నిత్యం వంట చేసే ఇంటికి ఇది కొనదగినదే. ఓవెన్ లోపలి మాడుకు మాత్రం ఆ పనికని విడిగా అమ్మే మందు తెచ్చుకోవడం మేలు.