పులి-మేక ఆట కోసం గోడో, గిట్: కొత్తగా నేర్చుకునేవారికి నా అనుభవం

3 పులులు, 15 మేకలు, 23 కూడళ్లు. మా అమ్మమ్మ అరుగు మీద సుద్దముక్కతో గీసి ఆడించిన పులి-మేక ఆటను కంప్యూటర్‌లోకి తేవాలని మొదలుపెట్టాను. నేను బడిలో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి హాస్టల్‌లో ఉండి చదువుకుంటూ ఈ ఆటకు బొమ్మలు గీస్తుంది. ఇద్దరం వాడుతున్నది గోడో గేమ్ ఇంజన్, అంటే కంప్యూటర్ ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్. ఇది ఎంఐటీ లైసెన్సు కింద పూర్తిగా ఉచితం.

గోడోలో నాకు అన్నిటికన్నా నచ్చింది దాన్ని ఇన్‌స్టాల్ చేయనక్కర్లేకపోవడం. జిప్ ఫైలు విప్పి అందులోని ప్రోగ్రామ్‌ను తెరిస్తే చాలు. అందువల్ల గోడో 4.2 వెర్షన్ ఒక ఫోల్డరులో, 4.3 మరో ఫోల్డరులో పక్కపక్కనే ఉంచుకోవచ్చు. ఈ సౌకర్యం విలువ నాకు ఆలస్యంగా తెలిసింది.

నాది పాత డెస్క్‌టాప్ కదా అని మొదట 3.5 తెచ్చుకున్నాను. ఆట నడిచింది కానీ "పులిని కట్టేశారు" అన్న మాటలో ట వత్తు కిందికి దిగలేదు. పొల్లు పెట్టిన ట, దాని పక్కన మరో ట కనిపించాయి. తెలుగు వత్తులను సరిగా చూపే ఏర్పాటు 4.0తోనే వచ్చింది. ఆ సంతోషంలో పాత ప్రాజెక్టును నకలు తీయకుండా కొత్త వెర్షన్‌లో తెరిచాను. ఇక వెనక్కి వెళ్లలేవని అది హెచ్చరించినా తొందరలో సరే అని నొక్కేశాను. బొమ్మను చూపే స్ప్రైట్ పేరు స్ప్రైట్2డీ అయింది, కోడ్‌ను కాసేపు ఆగమని చెప్పే ఈల్డ్ పోయి అవెయిట్ వచ్చింది. వారం రోజులు కోడ్ దిద్దుకుంటూ కూర్చున్నాను.

తర్వాత పెన్‌డ్రైవ్‌లో తేదీలు వేసి నకళ్లు దాచడం మొదలుపెట్టాం. శనివారం నకలులో అమ్మాయి పులి బొమ్మ మార్చింది, నేను శుక్రవారం నకలులో ఎత్తుల లెక్క సరిచేశాను. ఆ రెండిటినీ కలపడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది. అప్పుడు ఫైళ్లలో జరిగే ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకుని, ఇద్దరి మార్పులనూ కలపడానికి సాయపడే గిట్ అనే ప్రోగ్రామ్‌కు మారాం. ఆదేశాలు టైపు చేయడం భయమనిపించేవారికి, బటన్లు నొక్కి గిట్‌ను వాడుకునే గిట్‌హబ్ డెస్క్‌టాప్ తేలిక.

గోడో, గిట్ ఎంత చక్కగా కలుస్తాయో ఒక్క రోజులో అర్థమైంది. బోర్డు కుడివైపు ఒక కూడలిలో మేకను పెట్టబోతే నిలబడడం లేదు. గిట్‌లో మార్పుల పట్టిక తెరిచాను. పాతది చూపే ఎర్రని వరుసలో ఆ కూడలి స్థానం 320, 96. దాని కింద కొత్తది చూపే పచ్చని వరుసలో 32, 96. ముందురోజు రాత్రి నా చేతిలోనే ఒక సున్నా ఎగిరిపోయింది! గోడోలో ఆటను సీన్లు అనే భాగాలుగా కడతాం; అవి మామూలు అక్షరాల ఫైళ్లు కాబట్టే ఆ తేడా కంటికి అందింది. బొమ్మల ఫైళ్లలో మాత్రం వరుసవారీగా తేడా తెలియదు. అలాగే ఒకే సీనును ఇద్దరూ ఒకేసారి మారిస్తే చిక్కుముడి పడుతుంది. మేం బోర్డు, పులి, మేకలను వేర్వేరు సీన్లుగా విడదీసి ఆ బాధ తగ్గించుకున్నాం.

గోడోలో కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు వెర్షన్ కంట్రోల్ దగ్గర గిట్ అని ఎంచుకోండి. గోడో మళ్లీ తయారు చేసుకోగలిగిన .గోడో ఫోల్డరును లెక్కలోకి తీసుకోవద్దని గిట్‌కు చెప్పే ఫైలును అదే రాసిస్తుంది. పాత కంప్యూటరైతే రెండరర్‌గా, అంటే తెర మీద బొమ్మలు గీసే పద్ధతిగా, కంపాటిబిలిటీ తీసుకోండి.

ఒకసారి అమ్మాయి పంపిన ప్రాజెక్టు తెరవబోతే, ఇది 4.3లో దిద్దినది, తెరిస్తే 4.2కు మారుతుందని హెచ్చరిక వచ్చింది. ఈసారి ఆగి ఫోన్ చేశాను. "అమ్మా, తెరవకు. నువ్వు కూడా 4.3 తెచ్చుకో, పాతది తీసేయనక్కర్లేదు" అంది. ప్రాజెక్టు.గోడో ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచినా ఫీచర్స్ వరుసలో ఈ వెర్షన్ అంకె కనిపిస్తుంది. ఇప్పుడు మా ఇద్దరి దగ్గరా అదే అంకె ఉండాలన్నది నియమం.

4.4లో ప్రతి స్క్రిప్టు (కోడ్ ఫైలు) పక్కన దాని గుర్తింపు ఉండే ఒక యూఐడీ ఫైలు పుడుతుంది, దాన్ని కూడా గిట్‌లో చేర్చాలి. మేమింకా 4.4కు వెళ్లలేదు. దసరా సెలవులకు అమ్మాయి ఇంటికి వచ్చాక, గిట్‌లో వేరే బ్రాంచి, అంటే అసలు ప్రాజెక్టును కదపకుండా విడిగా మార్పులు చేసుకునే దారి, తీసి అందులో తెరిచి చూస్తాం.