నాలుగేళ్ళు చీమల్ని పెంచాక: ఏ గూడు నిలిచింది, ఏది చిల్లుపడింది

"అలమర కాళ్ళకి నీళ్ళ గిన్నెలు పెట్టుకుని మేం చీమలతో వేగలేక చచ్చాం. నువ్వేమో డబ్బులు పోసి వాటికి ఇళ్ళు కొంటున్నావేంట్రా?" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. హైదరాబాద్‌లో మాది రెండు గదుల ఫ్లాటు. చీమ బయటికొస్తే నేరుగా వంటింటికే దారి. అందుకే నేను గూడు కొనేటప్పుడు అందం ఆఖరున చూస్తాను.

నా దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి గండుచీమలు, శాస్త్రీయంగా కాంపొనోటస్ కంప్రెసస్. తొలకరి పడిన మర్నాడు మేడమీద రెక్కలు రాల్చేసి తిరుగుతున్న రాణిని పట్టుకున్నాను. రెండోది పూలకుండీ మట్టిలో రాణితో సహా దొరికిన ఎర్రచీమలు, సోలెనాప్సిస్ జెమినాటా. ఇది అమెరికా ఖండం నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ పాతుకుపోయిన జాతి. గండుచీమల్లో పెద్దవి సెంటీమీటరు దాటుతాయి, కుట్టవు. కోపమొస్తే కొరికి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. ఎర్రచీమ చిన్నది. అది కుడితే ఎలా ఉంటుందో పొలంలో చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మొదట కొన్నది ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గూడు, పైన 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ మూత. తెల్లగా, ముచ్చటగా ఉంది. నీళ్ళు పోస్తే పీల్చుకుంటుంది, లోపల తేమ నిలుస్తుంది. ఎర్రచీమల్ని అందులోకి మార్చాను. మూడో వారంలో మేత పెట్టే డబ్బాలో ఒక మూల తెల్లటి పొడి కుప్పగా కనబడింది. బూజనుకున్నాను. బూజు కాదు, అవి లోపల తవ్వి బయటికి మోసుకొచ్చి పోసిన ప్లాస్టరు! మరో నాలుగు రోజులకి బెల్లం డబ్బా చుట్టూ బారు కట్టాయి. గూడు తిరగేసి చూస్తే, నేను నీళ్ళు పోసే రంధ్రం పక్కనే చిల్లు.

తర్వాత ఆలోచిస్తే ఆశ్చర్యమేమీ లేదనిపించింది. ప్లాస్టరు గట్టిపడితే జిప్సమే. జిప్సం గోటితో గీస్తే గీత పడేంత మెత్తన, తడిస్తే ఇంకా బలహీనం. నేనే రోజూ ఒకేచోట తడిపి, తవ్వుకోమని చోటు చూపించాను. పొడిగా ఉన్న వైపు గోడకి గీత కూడా లేదు.

మూత కథ ఇంకోటి. యాక్రిలిక్ తేమ పీలుస్తుంది. లోపలి వైపు తడి, బయటి వైపు పొడి ఉంటే పలక వంగిపోతుంది. వర్షాకాలంలో నా మూత అంచు పైకి లేచి సందు వచ్చింది. కంటికి ఆనదు. ఒక కాగితం ముక్క దూర్చి చూస్తే సాఫీగా దూరింది. పైగా మరకలు పోతాయని సర్జికల్ స్పిరిట్‌తో తుడిచాను. స్క్రూల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు వచ్చాయి. యాక్రిలిక్‌ని సబ్బునీళ్ళతో తప్ప దేనితోనూ తుడవకండి.

పూర్తి యాక్రిలిక్ గూడు గండుచీమలకి ఏడాదిన్నర వాడాను. గోడలు కొరకలేవు, ఆ మాట నిజం. తేమ కోసం పెట్టిన స్పాంజిని మాత్రం పీకి పీలికలు చేశాయి. స్పాంజికీ చీమలకీ మధ్య స్టీలు జాలి ఉన్న మోడలైతేనే కొనండి. నైలాన్ జాలి, దోమతెర గుడ్డ కొరికేస్తాయి. టీ వడకట్టే స్టీలు జాలి గండుచీమలకి సరిపోయింది. ఎర్రచీమల్లో సన్నవి దాంట్లోంచి దూరిపోయాయి.

త్రీడీ ప్రింట్ గూడు గురించి ఎక్కువ చెప్పను. పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో మధ్యాహ్నం ఎండలో కారులో మర్చిపోయాను, మూత మళ్ళీ పట్టలేదు. అదృష్టం, అప్పటికి ఖాళీ గూడే.

ఇప్పుడు గండుచీమలున్నది ఏఏసీ బ్లాకులో. అపార్టుమెంట్లు కట్టేచోట గోడలకి వాడే తేలిక ఇటుక ఇది. అల్యూమినియం పొడి వేసి పొంగించడం వల్ల లోపలంతా బుడగలే. విరిగిన ముక్క అడిగితే ఊరికే ఇచ్చారు. నీళ్ళు చల్లుతూ పాత స్క్రూడ్రైవరుతో గదులు చెక్కాను (పొడిగా చెక్కితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మాస్కు తప్పనిసరి). మూతకి గ్లాసు షాపులో 4 మిల్లీమీటర్ల అద్దం కోయించి, అంచులు అరగదీయించాను. అద్దం వంగదు, తేమ పీల్చదు, స్పిరిట్‌కి పగలదు. నీళ్ళు ఒక మూల మాత్రమే, అదీ చీమల గదులకి మూడు వేళ్ళ దూరంలో పోస్తాను. తడి ఇటుకలోంచి తనే పాకి వస్తుంది. రెండేళ్ళయింది. గదుల అంచులు కాస్త గుండ్రంగా అరిగాయి, అంతే. లోపం ఒక్కటే, ఇటుకల్లో తేలికదైనా గూడుగా బరువు. కదిపితే అద్దం కింద ఇసుకలాంటి పొడి చేరి సందు పడుతుంది.

ఎర్రచీమలకైతే అసలు గూడే వద్దంటాను. దూది అడ్డంతో నీళ్ళు నింపిన గాజు టెస్ట్‌ట్యూబులు ఆరు, లోతైన ప్లాస్టిక్ టబ్బులో పరిచాను. గాజుని ఏ చీమా కొరకలేదు. దూది పీకుతాయి, అందుకే గట్టిగా కుక్కాలి. చూడటానికి ఆసుపత్రి సామానులా ఉంటుంది, అందం కావాలంటే వేరే జాతిని పెంచుకోవాలి.

ఇక చీమలు ఎక్కి బయటికి రాకుండా టబ్బు అంచుకి పూసేవి. వాజెలిన్ మే నెలలో కరిగి కిందికి జారింది, రెండు చీమలు అందులో ఇరుక్కుని చచ్చాయి. టాల్కం పౌడరు స్పిరిట్‌లో చిక్కగా కలిపి బ్రష్‌తో పూస్తే, స్పిరిట్ ఆరాక మిగిలిన పొడి మీద కాళ్ళు జారతాయి. చవక. కానీ జులైలో గాలి తేమకి ముద్దకట్టి దారి ఇచ్చేస్తుంది, వారానికోసారి మళ్ళీ పూయాలి. ఫ్లుయాన్ (నాన్‌స్టిక్ పెనాలకి వేసే టెఫ్లాన్ లాంటిదే, ద్రవంగా దొరుకుతుంది) ఖరీదెక్కువ, పలచగా ఒక్క పూత చాలు. నా టబ్బుకి నాలుగు నెలలు ఆగింది, ఆ తర్వాత వేలి ముద్రలు పడ్డచోట మొదట పోయింది.

గూటినీ మేత డబ్బానీ కలిపే గొట్టాల విషయంలో మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శక పైపు నాకు బాగా కుదిరింది. వేడినీళ్ళలో ముంచి తొడిగితే బిగుసుకుంటుంది. మెత్తటి సిలికాన్ గొట్టాన్ని గండుచీమలు చివర్లలో నమిలాయి, పారేశాను.

ఇప్పటికీ పడుకునేముందు టార్చి వేసి అతుకులు చూస్తాను. నిన్న రాత్రి అమ్మ కూడా వెనకాలే వచ్చి, "ఆ మూల తడిగా ఉందిరా, చూసుకో" అంది.